పలక మీద రాసిన మాట

చదవడం ఎప్పుడు నేర్చుకుందో పంకజాక్షికి గుర్తులేదు. కాణిపాకంలో గుడికి పోయే దారిలో వాళ్ల నాయన పరంధామయ్యకు టెంకాయలు, కర్పూరం అమ్మే చిన్న అంగడి ఉండేది. కర్పూరం పొట్లాల మీద, అగరొత్తుల పెట్టెల మీద, బస్సుల అద్దాల పైన ఉండే అక్షరాలు ఆమెకు నడకతో పాటే వచ్చేశాయి. ఐదేళ్లప్పుడు అంగడి ముందు నిలబడి పేపరు గడగడా చదువుతుంటే దర్శనానికి వచ్చినవాళ్లు ముచ్చటపడి చేతిలో అరటిపండు పెట్టేవాళ్లు. చదవడానికి కష్టపడడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. టీచరు ఉద్యోగం వచ్చాక కూడా చాలాకాలం తెలియలేదు. పుస్తకం ముందు పెట్టుకుని నోరు విప్పని పిల్లవాణ్ణి చూస్తే, వాడికి పొగరనో సోమరితనమనో అనుకునేది. రెండింటికీ ఆమె దగ్గర ఒకటే బెత్తం ఉండేది.

పాకాలకు పది కిలోమీటర్ల దూరంలో చింతమాకులపల్లె అని ఒక ఊరు. అక్కడి ప్రాథమిక పాఠశాలకు ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ముప్ఫై ఏళ్లు. ఆరేళ్లు పనిచేసి బదిలీ మీద వెళ్లిపోయింది. మరో నాలుగు ఊళ్లు తిరిగి, యాభై నాలుగో ఏట మళ్లీ అదే బడికి వచ్చింది. పంకజాక్షి మేడమ్ తరగతిలో సూది పడినా వినబడుతుందని మండలమంతా అనుకునేవాళ్లు. ఆ మాట వినడం ఆమెకు ఇష్టంగానే ఉండేది.

జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు, ముప్ఫై ఏళ్ల మనిషి ఒకడు ఎనిమిదేళ్ల ఆడపిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లను లోపలికి పంపి తను మాత్రం గడప బయటే నిలబడ్డాడు.

"లోపలికి రాప్పా" అంది పంకజాక్షి.

"ఈడే ఉంటాలే మేడమ్. నేను గిరిని. వరదయ్య కొడుకుని. మీ దగ్గర నాలుగో తరగతి సదివినా."

ఆమె మొహంలో గుర్తుపట్టిన జాడ లేదు. అతనే మళ్లీ అన్నాడు. "ఇది నా కూతురు లోహిత. మూడో తరగతి. ఇదీ నా మాదిరే మేడమ్. అక్షరాలు తలకెక్కవు. మీరేమైనా సెయ్యండి, కొట్టబాకండి. అది అడగాలనే వచ్చినా."

"ఇప్పుడెవరు కొడతారప్పా పిల్లల్ని. రూలే లేదు."

గిరి తల ఊపాడు. పోబోతూ ఆగాడు. "నాకు మెళ్లో పలక కట్టినారు మేడమ్, మీకు గుర్తుండాదో లేదో. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా తిప్పినారు. అందరూ నవ్వినారు. ఆ పలక మీద ఏం రాసినారో నాకు ఇప్పటికీ తెల్దు. ఎవుర్నన్నా అడగాలంటే సిగ్గు."

పిల్లలందరూ వింటున్నారు. పంకజాక్షి చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టింది.

"నాకు గుర్తులేదు గిరీ" అంది.

గుర్తుంది. అతను పలక అన్న క్షణంలోనే అంతా గుర్తొచ్చింది. ఆ సంవత్సరం తనిఖీకి వచ్చిన అధికారి ఆమె తరగతిలో నలుగుర్ని లేపి చదవమన్నాడు. ముగ్గురు చదివారు. నాలుగోవాడు గిరి. పుస్తకం చేత్తో పట్టుకుని చెమటలు కారుస్తూ నిలబడ్డాడు తప్ప పెదవి కదపలేదు. "ఏమ్మా, నాలుగేళ్లు ఏం చెప్పినారు?" అని అధికారి అందరి ముందూ అడిగాడు. మర్నాడు ఆమె గిరి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, పురికొసతో వాడి మెడకు కట్టింది. వాడు మెడ వంచి దాన్నే చూసుకుంటూ ఆమె వెనక నడిచాడు. ఆ మరుసటి రోజు నుంచి బడికి రాలేదు. ఆమె నెల రోజులు గైర్హాజరు వేసి, తరువాత పేరు కొట్టేసింది. వాళ్లిల్లు బడికి రెండు వీధుల అవతలే. ఒక్కసారి కూడా వెళ్లి అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మొగుడు ధనశేఖర్‌తో ఈ సంగతి చెప్పింది. ఆయనకు పాకాల బజారులో బట్టల అంగడి. అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఆ కాలంలో అందరూ అట్లనే చేసినారు గదా. నన్నయితే మా అయివారు గోడకుర్చీ వేయించి పైన ఇటుకరాయి పెట్టేవాడు. ఇప్పుడెందుకు మనసు పాడుచేసుకుంటావు?"

ఆయన ఓదార్చడానికే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాటలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

లోహితకు చదవడం రాదని మొదటి నెలంతా పంకజాక్షికి నమ్మకం కుదరలేదు. పిల్ల పాఠం గలగలా చదివేది. వేలు వరస వెంట పోయేది, కామా దగ్గర ఆగేది కూడా. జూలైలో ఒక రోజు పంకజాక్షి పిల్లల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించింది. లోహిత ఆవు పాఠం మొదలుపెట్టింది. ఆమె మధ్యలో ఆపి, ఐదో వరసలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అని అడిగింది. పిల్ల కళ్లు పైకెత్తి, పాఠం మొదటి మాట నుంచి అందుకుని, లోపల్లోపల గొణుక్కుంటూ వచ్చి ఐదో వరస దగ్గర ఆగి, "మేత" అంది. సరిగ్గానే చెప్పింది. అదే మాటను పంకజాక్షి విడిగా కాగితం మీద రాసి చూపించింది. పిల్ల ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తరువాత ఆమె మొహం చూసింది. ఆమె పెదవుల్లో జవాబు ఏమైనా కనబడుతుందేమోనని వెతుకుతోంది.

రెండేళ్లుగా ఆ పిల్ల పుస్తకాలన్నీ బట్టీ పట్టి, చదువుతున్నట్టు నటిస్తూ వచ్చింది. ముందు టీచర్లెవరూ కనిపెట్టలేదు. చదవడం కంటే అది ఎంత పెద్ద చాకిరీయో పంకజాక్షికి అప్పుడు తెలిసింది.

అలాంటి పిల్లలు మూడు, నాలుగు తరగతుల్లో కలిపి ఆరుగురు తేలారు. హెడ్‌మాస్టరు జయరావుతో చెప్పి, రోజూ మొదటి గంట వాళ్లను వరండాలో కూర్చోబెట్టుకుంది. ముప్ఫై ఏళ్లుగా చెప్పినట్టు అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరినీ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమంది. లోహిత, "మా నాయన బెల్లం వండుతాడు" అంది. ఆమె ఆ మాటే పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఇచ్చింది. అది లోహిత మొదటి పాఠం. తన నోటి నుంచి వచ్చిన మాటే కాబట్టి దాన్లో ఏముందో పిల్లకు ముందే తెలుసు. ఇక ఏ ముక్క ఎక్కడుందో వెతుక్కోవడమే పని.

ల కింద ఇంకో ల వేలాడుతూ ఉండడం చూసి, "ఇదేంది మేడమ్, ల కింద పిల్ల ల?" అని అడిగింది. ఒత్తు అనే పేరు చెప్పడానికి పంకజాక్షి తొందరపడలేదు.

వ, ప, మ, ఘ ఆ పిల్లకు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. న, స కూడా అంతే. ఇసుక పోసి అందులో వేలితో దిద్దించింది. నేల మీద అక్షరం గీసి దాని మీద నడిపించింది. వరండాలో ఒక షరతు పెట్టింది. తెలియని అక్షరం వస్తే దాని మీద వేలుంచి ఊరికే కూర్చోవచ్చు, ఎవరూ నవ్వకూడదు, ఎవరూ అందించకూడదు. పిల్లలు దానికి తేలిగ్గానే అలవాటు పడ్డారు. కష్టమంతా ఆమెకే అయింది. అలా ఊరికే కూర్చున్న పిల్ల ఎదుట తను కూడా ఊరికే కూర్చోవాలి. మనసులో పది దాకా లెక్కపెట్టుకునేది. కొన్నిసార్లు ఏడు దగ్గరే జవాబు నోటిదాకా వచ్చేసేది.

సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. ముగ్గురు చిన్న చిన్న మాటలు కూడబలుక్కుంటున్నారు. లోహిత మాత్రం నిన్న నేర్చుకున్నది ఈ రోజు మరిచిపోయేది. నవంబరులో, పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి మండలం నుంచి అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లు వచ్చే ముందు రోజు లోహిత 'వనం' అన్న మాటను 'పనం' అని చదివింది. రెండోసారీ అదే. మూడోసారీ అదే.

"కండ్లు యాడ పెట్టుకున్నావే నువ్వు?" అని పంకజాక్షి అరిచింది. చెయ్యి తనంతట తానే పోయి పిల్ల చెవి పట్టుకుని మెలిపెట్టింది. ఆ ఊపులోనే వీపు మీద ఒక్కటి వేసింది.

లోహిత ఏడవలేదు. కూర్చున్న చోటే ఒంటికి పోసేసుకుంది. తడి చాప మీద పాకింది. అందరికంటే ముందు నవ్వింది లోహిత పక్కన కూర్చునే పిల్లే. తరువాత అందరూ నవ్వారు.

ఆ తరువాత నాలుగు రోజులు లోహిత బడికి రాలేదు. ఐదో రోజు బడి వదలగానే పంకజాక్షి చెరకు తోటల మధ్య దారిలో నడుచుకుంటూ చిన్నబ్బ గానుగ దగ్గరికి వెళ్లింది. అక్కడే గిరి పని. మంచమంత వెడల్పు పెనంలో చెరకు రసం తెర్లుతోంది. గిరి ఒంటి మీద చొక్కా లేకుండా, పొడుగు కర్ర గరిటెతో నురగ తీసి పారేస్తున్నాడు. ఆమెను చూసి గరిటె ఇంకొకరి చేతికిచ్చి, తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు.

"గిరీ, నేను మాట తప్పినా. పాపను కొట్టినా."

"తెలుసు మేడమ్."

"నిన్ను కూడా మోసం చేసినా. ఆ పలక సంగతి గుర్తులేదని అబద్ధం చెప్పినా. అంతా గుర్తుంది నాకు."

గిరి తుండుగుడ్డ కొసతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"'నాకు చదవడం రాదు' అని రాసినా. రెండు వరసల్లో."

"అంతేనా?"

"అంతే."

"దొంగ అని లేదా?"

"దొంగ అని ఎందుకు రాస్తానప్పా?"

గిరి అక్కడే ఎండబెట్టిన చెరకు పిప్పి కుప్ప మీద కూర్చున్నాడు.

"ఆ వారమే బళ్లో ఇత్తడి గంట పొయ్యింది మేడమ్, మీకు గుర్తుండాదో లేదో. ముందురోజు సాయంత్రం నేను ఆడ ఆడుకుంటా ఉన్న్యా. నేనే తీసినానని మీరు అనుకున్నారనుకున్యా. గంట దొంగ అని రాసి తిప్పినారనుకున్యా. అందుకే అంత నవ్వినారనుకున్యా. బడికి పోరా అని మా నాయన ఎంత కొట్టినాడో. ఎందుకు పోనో సెప్పలేదు. సెప్తే ఆయన కూడా దొంగనే అనుకుంటాడని బయం. ఇరవై ఏండ్లు అట్లనే అనుకుంటా ఉండా. ఎవురింట్లో ఏం పొయ్యినా నా తట్టు సూస్తారని, ఊళ్లో ఒకరి గడప లోపలికి పోను."

పంకజాక్షి అదే కుప్ప అంచున కూర్చుంది.

"సదివేదానికి రాదు అనేది నిజమే గదా మేడమ్" అన్నాడు గిరి. గొంతులో కోపం లేదు, అదే ఆమె తట్టుకోలేకపోయింది. "నిజమే రాసినారని తెలిసింటే, నేను మర్నాడు వచ్చుండేవాణ్ణేమో."

గంట ఎవరు తీశారో ఆమెకు తెలుసు. ఎవరూ తీయలేదు. పిడి ఊడిపోతే అప్పటి హెడ్‌మాస్టరు అతికించడానికి చిత్తూరు పంపించాడు. పది రోజులకు తిరిగి వచ్చింది. గిరి బళ్లో ఉండి ఉంటే తనే చూసేవాడు. ఈ సంగతి కూడా ఆమె చెప్పింది. గిరి విని తల ఊపాడు. పెనం దగ్గర నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయాడు. వెళుతూ, "రేపు పంపిస్తా మేడమ్ పాపను" అన్నాడు.

మర్నాడు లోహిత వచ్చింది. పంకజాక్షి వరండాలో ఆరుగురు పిల్లల ముందు, "నిన్ను కొట్టడం నా తప్పు లోహితా" అని చెప్పింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లోహిత వారం రోజులు నోరు తెరవలేదు. పంకజాక్షి ఆ వారమంతా పిల్ల పక్కన కూర్చుని తనే చదివింది. ఎనిమిదో రోజు ఆమె గొంతు వెనకాలే సన్నగా ఇంకో గొంతు వినబడింది. ఆమె తల తిప్పకుండా చదువుతూ పోయింది. రెండు వరసలయ్యాక తన గొంతు తగ్గించింది. పిల్ల గొంతు ఒక్కటే ఇంకో మూడు మాటలు నడిచి ఆగిపోయింది.

డిసెంబరు నుంచి పిల్ల కుదురుకుంది. పెద్దవాళ్ల ముందు చదవమంటే బిగుసుకుపోతుంది కాబట్టి, పంకజాక్షి ఆమెను ఒకటో తరగతి పిల్లల దగ్గరికి పంపేది. ఆ చిన్నవాళ్లకు లోహిత చదివేది తప్పో ఒప్పో తెలియదు. బొమ్మలు చూపిస్తూ, వేలు పెట్టి, ఒక్కో మాట తీరిగ్గా చదివేది. వాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు. సంక్రాంతి సెలవుల తరువాత ఒక రోజు పంకజాక్షి కొత్త కథ ఒకటి ఆమె ముందు పెట్టింది. అంతకు ముందు ఆ పిల్ల చూడనిది, ఎవరూ చదవగా విననిది. లోహిత పదిహేను నిమిషాలు తీసుకుంది. ఎనిమిది చోట్ల వేలుంచి ఆగింది. చివరిదాకా చదివింది. చదివాక నవ్వలేదు. "ఇంకోటి ఉండాదా మేడమ్?" అని అడిగింది.

గిరి ఒకసారి బడి ముందు సైకిలు ఆపి, ఈసారి గడప దాటి లోపలికి వచ్చాడు. "ఇంట్లో గోడ మీద క్యాలెండరు సదువుతాండాది మేడమ్. నాకు అంతా ఆచ్చర్యం" అన్నాడు.

"నువ్వూ నేర్చుకుంటావా గిరీ? సాయంత్రం ఒక గంట చాలు."

గిరి నేల చూపులు చూస్తూ నవ్వాడు. "చెరకు సీజను అయిపోనీండి మేడమ్. ఏప్రిల్లో వస్తా."

ఫిబ్రవరి రెండో వారంలో గానుగ దగ్గర పెనం దించుతుంటే గిరి కాలు జారింది. నలుగురు వాసాలతో మోస్తున్న పెనం ఒక పక్కకు ఒరిగింది. కాగిన పాకం అతని నడుము నుంచి కాళ్ల దాకా పడింది. పాకం నీళ్లలాగా జారిపోయేది కాదు, పట్టుకుంటుంది. పాకాల నుంచి తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లారని జయరావు చెబితే, పంకజాక్షి మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

కాలిన గాయాల వార్డు రెండో అంతస్తులో. మెట్లెక్కి వరండాలోకి తిరిగేసరికి ఆమెకు తెలిసిన గొంతు వినబడింది. తెలియని మాట దగ్గర ఆగి, కూడగట్టుకుని, మళ్లీ కదిలే గొంతు అది.

వార్డు తలుపు బయట బెంచీ మీద గిరి భార్య తిరుమలమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో రెండేళ్ల కొడుకు. ఎదురుగా ఒక చిన్న వయసు డాక్టరు. లోహిత నిలబడి, రెండు చేతులతో ఒక కాగితం పట్టుకుని చదువుతోంది. ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు ఇంటివాళ్లు సంతకం చేయాల్సిన కాగితం అది.

"ఏంది ఇది?" అంది పంకజాక్షి దగ్గరికి వచ్చి. "ఇట్లియ్యి, నేను చదువుతా."

తిరుమలమ్మ తలెత్తింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఆయన సెప్పినాడు మేడమ్, ఏం రాసుండేదో తెలీకుండా యాడా వేలు పెట్టొద్దని. మొన్న గ్యాసు కాగితం వచ్చినప్పుడు కూడా అదే మాట. పాప సదివినాకనే వెయ్యల్ల అని. సదవనీండి."

పంకజాక్షి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

లోహిత చదివింది. "రోగికి... మత్తు మందు... ఇచ్చు-నప్పుడు..." వరండాలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇరవై మంది ముందు ఆ పిల్ల అంత గట్టిగా చదవడం అదే మొదటిసారి. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక చోట వేలుంచి ఆగింది. పంకజాక్షికి ఆ మాట పైనుంచే కనబడుతోంది. అందించలేదు. పిల్ల తనే కూడబలుక్కుంది.

"ప్రా-ణా-పా-యం." మళ్లీ ఒక్కసారిగా అంది. "ప్రాణాపాయం." తలెత్తి అడిగింది. "అంటే ఏంది మేడమ్?"

తిరుమలమ్మ కూడా చూస్తోంది. ఆమెకూ తెలియదు.

"మనిషి ప్రాణం పొయ్యే ప్రమాదం ఉండొచ్చు, అని" అంది పంకజాక్షి.

లోహిత సరేనన్నట్టు తల ఊపి, తరువాతి వరస మీద వేలు పెట్టింది. తిరుమలమ్మ కొడుకును గట్టిగా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. పిల్ల కాగితం అంతా చదివింది, కింద తారీఖు, ఊరు అని ఉండే చోటు దాకా. అప్పుడు తిరుమలమ్మ వేలిముద్ర వేసింది.

గిరి ఆపరేషనులో పోలేదు. పదకొండు రోజులు బతికాడు. గాయాలు చీము పట్టి, జ్వరం తగ్గక, శివరాత్రి వెళ్లిన రెండో రోజు మధ్యాహ్నం పోయాడు. అంతకు ముందు ఆదివారం పంకజాక్షి చూడడానికి వెళితే, స్పృహలోనే ఉన్నాడు. "కాగితం పాప సదివిందంట మేడమ్" అన్నాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. ఆమె అవునంది. ఇంకేమైనా అంటాడేమోనని చూసింది. కళ్లు మూసుకున్నాడు.

మార్చిలో తిరుమలమ్మ బడికి వచ్చింది. తమిళనాడులో గుడియాత్తం పక్కన వాళ్ల అన్న ఉంటాడు. అక్కడ అగ్గిపెట్టెల పని దొరుకుతుంది. పిల్లలతో అక్కడికే పోతున్నానని, టీసీ ఇమ్మని అడిగింది.

"అక్కడ అరవం బడి కదమ్మా" అంది పంకజాక్షి. "పరీక్షలయ్యేదాకా పాపను నా దగ్గర ఉంచు. పాకాలలో మా ఇంట్లో ఉంటుంది. కావాలంటే అక్కడే చదువుకోనీ."

తిరుమలమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను పనికి పోతే పిల్లోణ్ణి ఎవరు సూస్తారు మేడమ్? అదీ లేకుంటే నేను ఉండలేను" అంది.

ఆమె తప్పుగా మాట్లాడిందని పంకజాక్షికి అనిపించలేదు. టీసీ తనే రాసింది. చదివిన మాధ్యమం అన్న చోట తెలుగు అని రాసి, కలం అక్కడే కొంచెంసేపు ఆపింది.

వేసవి సెలవులు అయిపోయే ముందు పంకజాక్షి పాకాలలో రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కడి నుంచి బస్సులో గుడియాత్తం వెళ్లింది. లోహిత ఇంకా ఏ బడిలోనూ లేదు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. పంకజాక్షి తిరుమలమ్మను ఆ రోజు పనికి పోనివ్వకుండా, అందర్నీ వెంటబెట్టుకుని దగ్గర్లోని బడికి తీసుకెళ్లింది. అక్కడి హెడ్‌మాస్టరు మంచివాడే. సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడాడు. వయసుకు నాలుగో తరగతి పిల్ల, అరవ అక్షరాలు రావు కాబట్టి రెండో తరగతిలో కూర్చోబెడతామన్నాడు. ఇంకో దారి లేదు. పంకజాక్షి సరేనంది.

గోడ మీద అరవ అక్షరాల పటం ఉంది. లోహిత దాని ముందు నిలబడింది. పంకజాక్షి పోయి పక్కన నిలబడింది.

"వీటికి తలకట్టు లేదు మేడమ్" అంది లోహిత.

"లేదు."

"గుణింతాలు ఉండాయా?"

"ఉంటాయి. వేరే మాదిరి."

పిల్ల పటాన్ని పై వరస నుంచి కింది వరస దాకా చూసింది. "మళ్లా మొదట్నుంచినా?" అని అడిగింది.

"అవునమ్మా" అంది పంకజాక్షి. తను తెచ్చిన నాలుగు తెలుగు కథల పుస్తకాలు చేతికిచ్చింది. పిల్ల వాటిని గుండెకు ఆనించుకుని పట్టుకుంది కానీ కళ్లు మాత్రం పటం మీదే ఉన్నాయి.

తరువాత రెండుసార్లు తిరుమలమ్మతో ఫోన్లో మాట్లాడింది. "పోతా ఉండాది మేడమ్. అరవం రాదు గదా, వెనక కూర్చోబెట్టినారంట" అంది మొదటిసారి. రెండోసారి ఫోన్ లోహితకిస్తే, పిల్ల ఊ కొట్టడం తప్ప మాట్లాడలేదు. మూడోసారి చేస్తే ఆ నంబరు పనిచేయలేదు.

దసరా సెలవుల్లో పంకజాక్షి మళ్లీ వెళ్లింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. అన్న పెళ్లాంతో మాట పడక తిరుమలమ్మ చెప్పుల కంపెనీ పనికి ఆంబూరు వైపు వెళ్లిపోయిందని పక్కింటావిడ చెప్పింది. ఎక్కడో తెలియదంది. బడికి సెలవులైనా అక్కడి హెడ్‌మాస్టరు ఇల్లు కనుక్కుని అడిగితే, ఆయన గుర్తు తెచ్చుకుని చెప్పాడు. ఆగస్టు దాకా వచ్చింది, తరువాత రాలేదు. బాగా నెమ్మదైన పిల్ల, నోరు తెరిచేది కాదు, అన్నాడు.

పంకజాక్షి సాయంత్రం బండికి పాకాల తిరిగొచ్చింది. ధనశేఖర్ అంగడి మూసుకుని స్టేషనుకు వచ్చి ఉన్నాడు. ఏమైందని అడగలేదు, చేతిలోని సంచి తీసుకున్నాడు. ఇంకా నాలుగు రోజులు సెలవులున్నాయి. ఆ నాలుగు రోజులూ ఆమె ఇంట్లో ఏ పనీ సరిగ్గా చేయలేకపోయింది. బడి తెరిచిన రోజు మొదటి గంటకు, ఈ ఏడాది చదవడం రాదని తేలిన ఐదుగురు పిల్లల్నీ పిలుచుకుని వరండాలోకి వెళ్లింది.